తెగినవాళ్ల వరస

మా యూదుల పేట పెద్ద హారాలో బడిపంతులు రిబ్బి ఖమూస్ దగ్గర చదివినవాళ్లు మూడు వందలమందికి తక్కువుండరు. వాళ్లలో పండితులైనవాళ్లున్నారు, బజారులో వెండి కొట్లు పెట్టి పొట్టలు పెంచినవాళ్లున్నారు. అయినా ఆయన గురించి చెప్పే అర్హత నాకొక్కడికే ఉంది. వాళ్లు ఆయన చేత పాఠం చెప్పించుకున్నారు. నేను చెవి మెలి పెట్టించుకున్నాను. పాఠం మరిచిపోవచ్చు, చెవి మరిచిపోదు.

నా పేరు హువాటో. పదకొండో ఏట బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అక్క అంటుంది, దాని మాట పట్టించుకోకండి. ఇప్పుడు మందిరం వీధి మొగలో బ్రీక్ వేయిస్తాను. పల్చటి పిండిరేకులో గుడ్డు కొట్టి, మడిచి, నూనెలో వదిలి, సొన గట్టిపడకముందే తీయాలి. జెర్బా దీవి మొత్తం మీద అది చేతనైనవాణ్ణి నేనే. నా బ్రీక్ కోసం ఒకాయన ట్రిపోలీ నుంచి సముద్రం ఈదుకుంటూ వచ్చాడు. సరే, పడవలోనే వచ్చాడు. రావడమైతే నిజం.

ఇక రిబ్బి ఖమూస్. చివరి ఏడాది తప్ప ఆయన కూర్చుని ఉండగా చూసినవాడు మా పేటలో లేడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆయన్ని వెండితీగ పనిలో పెట్టాడు. వెంట్రుకంత తీగని మెలితిప్పి, ఊపిరి బిగపట్టి అతికే పని అది. ఈయన తీగ నిప్పు మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్లి వీధి చూసి వచ్చేవాడు. వచ్చేసరికి తీగ ముద్దయి ఉండేది. మూడో ముద్దకి మేస్త్రి, “నాయనా, నీ చేతుల్లో తప్పు లేదు, కాళ్లలో ఉంది. కాళ్లతో చేసే పని చూసుకో” అని పంపేశాడు. పంతొమ్మిదో ఏట ఆయన చిన్నపిల్లల బడిలో చేరాడు. అదీ కాళ్లతో చేసే పనేనని కనిపెట్టిన మొదటివాడు ఆయనే.

ముప్ఫైమంది పిల్లలం, నాలుగేళ్లవాడి నుంచి ఎనిమిదేళ్లవాడి దాకా, చాపల మీద వరసగా కూర్చునేవాళ్లం. ఆయన ఎర్ర టోపీ వెనక్కి నెట్టి, అంచుకి నల్ల పట్టీ కుట్టిన వదులు పంట్లాం రెపరెపలాడించుకుంటూ మా చుట్టూ తిరిగేవాడు. ఒక చుట్టుకి ఒక హీబ్రూ అక్షరం. “ఆలెఫ్!” అని గుమ్మం దగ్గర మొదలుపెడితే కిటికీ దగ్గరికొచ్చేసరికి మేం దానికి గుణింతమంతా అప్పజెప్పాలి. “నేను కూర్చుంటే అక్షరం నిద్రపోతుందిరా” అనేవాడు. ఆయన్ని చూస్తూ చదివి చదివి మా మెడలు గానుగెద్దు మెడల్లా ఒక వైపే తిరగడం నేర్చుకున్నాయి. ఇప్పటికీ పెద్ద హారా మగవాళ్లు ఎడమవైపు పిలిస్తే త్వరగా పలుకుతారు.

పండగ కూడా ఆయన నడుస్తూనే నేర్పేవాడు. పస్కాకి వారం ముందు ఇంటి నుంచి ఇత్తడి పళ్లెం తెచ్చి, మా తలల మీద ఒక్కొక్కరికీ తిప్పుతూ, “నిన్న మనం బానిసలం, ఇవాళ స్వతంత్రులం” అని పాడించేవాడు. పండగ రాత్రి ఇంట్లో తల్లులు అలాగే తిప్పుతారు కాబట్టి తల ఎలా వంచాలో తెలియాలని. ఆయన వడికి నాలుగు తలలకొకటి ఠంగుమనేది. బొప్పి కట్టినవాడికి ఒక ఖర్జూరం. నేను ఒకే రోజు ఐదు ఖర్జూరాలు తిన్నవాణ్ణి. ఆ రికార్డు ఇంకా ఎవడూ కొట్టలేదు.

పస్కా రెండో రాత్రి నుంచి లెక్క మొదలయ్యేది. నలభై తొమ్మిది రాత్రులు, రాత్రికొక అంకె, యాభయ్యో రోజు వారాల పండగ. చుక్కలు పొడిచి, సాయంత్రం ప్రార్థన అయ్యాక, దేవుడి పేరుతో ఒక స్తుతి చెప్పి, “నేడు ఇన్ని దినాలు, అవి ఇన్ని వారాలు” అని అందరూ పలకాలి. రాత్రి మరిచిపోతే మర్నాడు పొద్దు గుంకేలోపు స్తుతి లేకుండా పలికి సరిదిద్దుకోవచ్చు. ఆ పొద్దు కూడా దాటిపోయిందా, లెక్క తెగినట్టే. ఆ తరువాత రోజూ అంకె చెప్పుకోవచ్చు గానీ, ఆ ఏడాదికి స్తుతి చెప్పే హక్కు పోతుంది. చెబితే దేవుడి పేరు గాలికి పారేసినట్టు. అంతకంటే దొంగతనం నయమని రిబ్బి చెప్పేవాడు. పళ్లన్నీ రాలిపోతాయని మా అమ్మమ్మ చెప్పేది. నాకు అమ్మమ్మ మాటే ఎక్కువ పని చేసింది.

మొదటి రాత్రి మందిరంలో అందరికీ చిటికెడు ఉప్పు పంచుతారు. రిబ్బి దాంతో ఒక పద్ధతి పెట్టాడు. ఆ ఉప్పు గుడ్డముక్కలో కట్టుకుని జేబులో ఉంచుకోవాలి. పొద్దున బడికి రాగానే, రాత్రి లెక్క చెప్పినవాడు నాలుక చాపి ఒక ఉప్పు కల్లు వేసుకోవాలి. లెక్క తెగినవాడు ఉప్పు మూట ఆయన చేతికి తిరిగి ఇచ్చేయాలి. మందిరంలో పెద్ద బల్ల పక్కన గోడకి నలభై తొమ్మిది ముడుల తాడు వేలాడేది. రాత్రి చెప్పిన లెక్కకి మర్నాడు పొద్దున ఒక ముడి విప్పాలి. ఆ పని ఐదేళ్ల షూషాన్‌ది, వాడి వేళ్లు సన్నంగా ఉంటాయి కాబట్టి. షూషాన్ గొంతు దోమ గొంతు. అక్షరం అడిగితే చొక్కా కాలరుతో చెప్పేవాడు.

ఆ యాభై రోజులూ రిబ్బి కాళ్లకి ఇంకా తిక్క పుట్టేది. సాయంత్రం నాలుగింటికే మేడ ఎక్కి ఆకాశం చూసేవాడు, దిగేవాడు, మళ్లీ ఎక్కేవాడు. భార్య మిసూకమ్మ కింద నుంచి అరిచేది.

“ఏమయ్యా, చుక్కలు నీకు భయపడి ముందే పొడుస్తాయా?”

“మబ్బు పట్టిందే!”

“నా బట్టలు ఆరాలి, దాని సంగతి చూడు.”

ఆయన భయానికి కారణం ఉంది. పదమూడో ఏట నుంచి, ఇరవై ఏడేళ్లుగా, ఆయన ఒక్క రాత్రి కూడా తప్పలేదు. ఆయనకి పొలం లేదు, కొట్టు లేదు. ఇద్దరు కూతుళ్లు పెళ్లయి వెళ్లిపోయారు. ఉన్న ఆస్తి అదే. ఆయన దాన్ని తలమీద నిండుకుండలా మోసుకు తిరిగేవాడు. పేట మొత్తం ఆ కుండని పగలగొట్టాలని చూసేది. దానికొక ఆట ఉంది. చుక్కలు పొడిచాక, ఇంకా లెక్క చెప్పనివాణ్ణి “ఇవాళెంత?” అని మామూలుగా అడగాలి. వాడు పొరపాటున అంకె చెప్పేశాడా, లెక్క అయిపోయినట్టే, ఆ రాత్రికి స్తుతి పోయింది. అందుకని తెలిసినవాడు “నిన్న ఇంత” అని తప్పుకుంటాడు. పక్కింటి వెండిపని బీషీ ఈ ఆటలో ఆరితేరినవాడు. గోడ మీద నుంచి, కిటికీలోంచి, ఒకసారి మరుగుదొడ్డి తలుపు వెనక నుంచి కూడా అడిగాడు.

“రిబ్బీ, ఇవాళెంత?”

“నిన్న పదకొండు రా బీషీ. నువ్వు పుట్టక ముందు నుంచీ ఈ వల చూస్తున్నా.”

“నేను నీకంటే రెండేళ్లు పెద్ద.”

“పుట్టావు, ఇంకా మేల్కోలేదు.”

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నా లెక్క నాలుగో రాత్రే తెగింది. పస్కా సెలవులు, అమ్మమ్మ ఇంట్లో గొర్రెమాంసం, తిని అక్కడే పడి నిద్రపోయాను. మర్నాడు మేనమామ పిల్లలతో సముద్రం ఒడ్డున పీతల వెంట పడ్డాను. నేను పట్టిన పీత గాడిద పిల్లంత ఉండేది. పొద్దు గుంకాక గుర్తొచ్చింది. బడి తెరిచాక రిబ్బి, “ఎవరిది తెగింది?” అని అడిగితే ఆరుగురు లేచి మూటలు ఇచ్చేశారు. వాళ్లలో నేను లేను. పస్కాకి ముందే చాపల మీద నిలబడి, “నలభై తొమ్మిదీ లెక్కపెట్టి, అది చాలక ఒకటి ఎక్కువ లెక్కపెడతా” అన్నవాణ్ణి. ఎలా లేస్తాను?

అక్కడ నుంచి నాకు మనశ్శాంతి పోయింది. పొద్దున్నే ఉప్పు కల్లు నాలుక మీద వేసుకుంటే అది కరగదు, కదలదు, గులకరాయిలా పడి ఉంటుంది. సాయంత్రం మందిరంలో అందరూ స్తుతి చెబుతుంటే నేను పెదవులు మాత్రమే ఆడించేవాణ్ణి. దేవుడి పేరు వచ్చేచోట నోరు గట్టిగా మూసి దగ్గేవాణ్ణి. “ఈ పిల్లాడికి దగ్గు పట్టుకుంది” అని మా నాన్న నాకు ఆముదం పట్టించాడు. ఒకటి కాదు, నాలుగుసార్లు.

పదిహేనో రోజుకి రిబ్బికి జ్వరం వచ్చింది. బడి మూసేశారు. ఆయన మంచం మీద కూడా కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడని మిసూకమ్మ చెప్పింది. మొదటి రెండు సాయంత్రాలూ బీషీ వచ్చి, ఆట మానేసి, మంచం పక్కన నిలబడి ఆయనతో లెక్క చెప్పించి పోయాడు. పదిహేను, పదహారు. మూడో రోజు దీవిలోని అవతలి పేట చిన్న హారాలో ఎవరి మనవడికో సున్నతి విందు. బీషీ, మా నాన్న, షూషాన్ వాళ్లు, మగవాళ్లంతా మధ్యాహ్నమే బండ్లెక్కారు. రిబ్బికి పులుసు ఇచ్చి రమ్మని మా అమ్మ నన్ను పంపింది.

వెళ్లేసరికి చుక్కలు పొడుస్తున్నాయి. ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు చింతనిప్పులు. మిసూకమ్మ చెయ్యి పట్టుకుని లాగుతోంది.

“పడుకోవయ్యా, పడిపోతావు.”

“అంకె తేలనీవే. బీషీ నిన్న ఏం చెప్పించాడు?”

“నాకేం తెలుసు? నేను రొట్టెలు లెక్కపెడతాను గానీ మీ రాత్రులు కాదు.”

“తల గిర్రున తిరుగుతోంది. పదహారంటుంది, పన్నెండంటుంది. ఒరేయ్ హువాటో! నీకు తెలుసా?”

నాకెలా తెలుస్తుంది? రిబ్బి లేడు కదా అని మూడు సాయంత్రాల నుంచి నేను మందిరం గుమ్మం తొక్కలేదు. తెలియదంటే, “లెక్క తెగనివాడికి తెలియకపోవడమేమిట్రా?” అంటాడు.

“మందిరంలో తాడు చూసొస్తా రిబ్బీ. టీ కాగేలోపు అజీమ్ రేవుకి పోయి రాగలను నేను, ఇదెంత?”

“విప్పిన ముడులు లెక్కపెట్టు. వేలితో తడిమి లెక్కపెట్టు. పరుగెత్తు!”

పరుగెత్తాను. మందిరానికి తాళం. తాళంచెవి రెండు సందుల అవతల కాపలా ముసలాయన ఇంట్లో ఉంటుంది. ఆ రెండు సందుల మధ్య కుర్రాళ్లు దీపం కింద గోళీలాడుతున్నారు. ఒక్క ఆట అనుకున్నాను. నా గురి సంగతి మీకు తెలియదు, ఎగిరే ఈగని గోళీతో కొట్టినవాణ్ణి. మూడాటలు గెలిచాను. లేచి జేబు తడుముకుంటే పదమూడు గోళీలు. ముసలాయన ఇంట్లో దీపం ఆరిపోయింది.

“పదమూడు ముడులు విప్పి ఉన్నాయి రిబ్బీ” అన్నాను.

“పదమూడేనా? ఎక్కువనిపించిందిరా నాకు.”

“చేత్తో తడిమి లెక్కపెట్టా. రెండుసార్లు.”

ఆ “రెండుసార్లు” ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. అబద్ధానికి కాలు ఒకటి చాలదని అనిపించి ఉంటుంది.

ఆయన నా భుజం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆయన చెయ్యి కాలిపోతోంది. స్తుతి మొత్తం, దేవుడి పేరుతో సహా, ఒక్కొక్క మాటా నొక్కి పలికాడు. “నేడు పద్నాలుగు దినాలు, అవి రెండు వారాలు” అన్నాడు. నేను ఆమెన్ అన్నాను. ఆయన మంచం మీద వాలి, ఆ మూడు రోజుల్లో మొదటిసారి కాళ్లు కదపకుండా నిద్రపోయాడు. మిసూకమ్మ నా చేతిలో బాదం పప్పులు పోసింది. “నా బంగారం, ఆయన ప్రాణం నిలబెట్టావు” అంది. ఆ బాదం పప్పులు నేను వీధిలో ఒక మేకకి పెట్టాను. మేక కూడా అనుమానంగా తిన్నది.

మర్నాడు పొద్దున బీషీ గోడ మీద నుంచి, “రాత్రి లెక్క చెప్పావా రిబ్బీ?” అని అడిగితే, “చెప్పా, చెప్పా” అన్నాడట. బీషీ ఇంకేం అడగలేదు. ఆ రోజంతా నేను వాళ్ల ఇంటి ముందు నుంచి ఇరవైసార్లు తిరిగాను. లోపలికి వెళ్లి చెబితే పొద్దు గుంకేలోపు సరిదిద్దుకోవచ్చు. ఆ చట్టం నాకు ఆయనే నేర్పాడు. గుమ్మం దాకా పోయాను, చెయ్యి తలుపు మీద పెట్టాను, లోపల ఆయన పాడుకుంటున్నాడు, వెనక్కొచ్చాను. పదమూడు సరైన అంకేనేమో, ఎవరికి తెలుసు, అనుకున్నాను. మళ్లీ పోయాను. మిసూకమ్మ చీపురుతో బయటికొచ్చి, “ఏరా, కాళ్ల జబ్బు నీకూ అంటిందా?” అంది. చూస్తూండగానే నీడలు వీధి దాటి ఎదురు గోడ ఎక్కాయి.

సాయంత్రం రిబ్బి లేచాడు. ఉన్నికోటు కప్పుకుని, పాలిపోయిన మొహంతో, నవ్వుకుంటూ మందిరానికి వచ్చాడు. పెద్దలూ పిల్లలూ కలిసి యాభైమంది ఉంటాం. ప్రార్థన అయింది. బయట చీకటి పడింది. ఆయన బల్ల దగ్గరికి నడిచి, గొంతు సవరించుకున్నాడు. బీషీ ఊరుకుంటాడా? మూడు రోజులు ఆట లేక నోరు ఎండిపోయి ఉన్నాడు.

“అన్నట్టు రిబ్బీ, జ్వరంలో పడి నేనూ మరిచిపోయా. ఇవాళెంత?”

రిబ్బి వేలు ఆడించాడు. “జ్వరం నాకొస్తే నువ్వు మరిచావా? నిన్న పద్నాలుగు.”

మందిరం ఘొల్లుమంది. ఆయన ఎగతాళి చేస్తున్నాడనుకున్నారు. ఆయనా నవ్వాడు, వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలియక. అప్పుడు షూషాన్ ఆయన కోటు అంచు పట్టి లాగాడు. దోమ గొంతుతో అన్నాడు.

“నిన్న పదిహేడు, రిబ్బీ.”

రిబ్బి తాడు దగ్గరికి వెళ్లాడు. విప్పిన ముడుల చోట తాడు వంకరగా ఉంటుంది. ఒక్కొక్క వంకర మీదా వేలు పెట్టి, పైనుంచి కిందికి వచ్చాడు. పదిహేడు. కింద నుంచి పైకి మళ్లీ లెక్కపెట్టాడు. తరువాత గిరుక్కున తిరిగి తలుపు వైపు పరుగెత్తాడు. జ్వరం మనిషి అలా పరుగెత్తుతాడని నేను చెబితే మీరు నమ్మరు, కానీ ఇది నా కోతల్లోది కాదు. గడప దాటి ముంగిట్లో నిలబడి తల పైకెత్తాడు. పొద్దు కొసరు కాస్త మిగిలి ఉన్నా పదిహేడు పలికి గట్టెక్కేవాడు. నేను కిటికీలోంచి చూశాను. చుక్కలు మూడు కాదు, ముప్ఫై ఉన్నాయి.

లోపలికి నెమ్మదిగా వచ్చాడు. ఆయన నెమ్మదిగా నడవడం అదే మొదటిసారి చూశాం.

“నాది తెగింది” అన్నాడు. “నిన్న తప్పు అంకె చెప్పాను. నేను స్తుతి చెప్పకూడదు.”

 మా నాన్న, “జ్వరంలో చెప్పిన దానికి ఏదో ఒక దారి ఉండదా రిబ్బీ?” అన్నాడు.

“పిల్లలకి నేను చెప్పిన దారి ఒకటే. జ్వరమొస్తే వేరే దారి అని చెప్పలేదు.”

అని మా వరస వైపు చూశాడు. నా మీద ఆగాడు. అంతసేపు ఒకచోట ఆగిన ఆయన చూపు నాకు తెలియదు.

“హువాటో. నీ గొంతు పెద్దది. నీ లెక్క నిండుగా ఉంది, రోజూ ఉప్పు తింటున్నావు. రా, బల్ల దగ్గర నిలబడి నువ్వు చెప్పు. అందరూ నీ వెనక చెబుతారు.”

ఆయనకి తెలిసి పిలిచాడా, తెలియకే పిలిచాడా అని నేను ముప్ఫై ఏళ్లుగా వాదించుకుంటున్నాను. వెళ్లాను. ఎనిమిది అడుగులు. బల్ల నా గడ్డం దాకా ఉంది. యాభైమంది ఊపిరి నా వీపు మీద. స్తుతిలో మొదటి మాట నా నాలుక చివరకి వచ్చింది. రెండో మాట దేవుడి పేరు. ఈ కథ నేను చాలా చోట్ల చాలా రకాలుగా చెప్పాను. దీపం ఆరిపోయిందని చెప్పాను, భూమి అదిరిందని చెప్పాను. పడవవాళ్లకి చెప్పినప్పుడైతే ఒంటె కూడా ఉంది. నిజానికి జరిగింది ఇది: దగ్గు వచ్చినట్టు నటించబోయాను, దగ్గు రాలేదు.

“నాదీ తెగింది రిబ్బీ.”

“ఎప్పుడు?”

“నాలుగో రాత్రి.”

“నాలుగో... మరి ఉప్పు?”

“తిన్నాను.”

“ఈ దగ్గు అదా!” అని వెనక నుంచి మా నాన్న కేక.

రిబ్బి చెయ్యి నా చెవి మీదికి వచ్చింది. “నిన్న ముడులు?”

“తాళం వేసుంది. నేను చూడలేదు. పదమూడు గోళీలు గెలిచాను.”

చెవి మెలిపడుతుందని కళ్లు మూసుకున్నాను. మెలిపడింది. తక్కువేమీ కాదు. ఆయన మంచివాడే గానీ దేవదూత కాదు. తరువాత వేళ్లు వదులయ్యాయి.

“ఇరవై ఏడేళ్లు” అన్నాడు. నన్ను తిడుతున్నట్టు కాదు. జేబులోంచి ఏదో పడిపోయి, అది ఏమిటో చూస్తున్నట్టు.

తరువాత షూషాన్‌ని చంకలు పట్టి ఎత్తి, బల్ల ముందు ముక్కాలి పీట మీద నిలబెట్టాడు. “నీది తెగిందా?” వాడు అడ్డంగా తల ఊపాడు. “అయితే చెప్పు. మెల్లగానైనా సరే, నేను వింటాను.” వాడు కాలరు నోట్లోంచి తీసి, కళ్లు మూసుకుని, స్తుతి ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. ఆ దోమ గొంతు వినడానికి యాభైమంది ఊపిరి ఆపారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రిబ్బి. “నేడు పద్దెనిమిది దినాలు, అవి రెండు వారాలు, నాలుగు దినాలు.”

ఆయన నా చెవి పట్టుకునే చివరి బెంచీ దగ్గరికి నడిపించాడు. “ఇది మన వరస. ఆమెన్ అంటాం, అంకె చెబుతాం, నోరు మూసుకుంటాం.”

మర్నాడు సాయంత్రం మేమిద్దరం అక్కడ నిలబడ్డాం. ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు, నేనూ మారుతున్నాను. ప్రార్థన అయ్యేసరికి నా పక్క బెంచీ కిర్రుమంది. చూస్తే బీషీ.

“నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?” అన్నాడు రిబ్బి.

బీషీ పైకప్పు దూలాలు చూశాడు. “ఆరో రోజు మరిచిపోయా.”

“ఈ ఏడాదా?”

“ఈ ఏడాది ఆరో రోజు. నిరుడు ఇరవయ్యో రోజు. ఆ ముందు సంవత్సరం... నీతో ఎందుకులే.”

“మరి రోజూ నన్ను అడుగుతావు, ఇవాళెంత అని!”

“తెలియకే అడుగుతా!”

రిబ్బి నవ్వు ఆపుకోలేక కోటు నోట్లో కుక్కుకున్నాడు. ఆ వారంలోనే మా నాన్న వచ్చాడు, తల వంచుకుని. నాకు పట్టించిన ఆముదం సంగతి అడగడానికి అదే మంచి సమయమనిపించింది గానీ, ఇంటికి వెళ్లాక తినాల్సిన భోజనం గుర్తొచ్చి ఊరుకున్నాను. కాపలా ముసలాయన వచ్చాడు. వారాల పండగ నాటికి సగం హారా మా వరసలో ఉందని నేను చెబుతుంటాను. నిజానికి తొమ్మిదిమంది.

పండగకి ముందు రోజు మా తల్లులు తీపిపిండితో చిన్న నిచ్చెనలు, పక్షులు, చేతులు చేసి కాల్చి, దారానికి గుచ్చి పిల్లల మెడలో వేస్తారు. మోషే ధర్మశాస్త్రం తేవడానికి కొండ ఎక్కిన పండగ అది, అందుకని నిచ్చెన. బడి పిల్లల నిచ్చెనలు ఎప్పుడూ మిసూకమ్మే చేసేది, లెక్క నిండినవాడికి ఏడు మెట్లవి, వారానికి ఒకటి. తెగినవాడికి పక్షి. ఆ ఏడాది రిబ్బి పొయ్యి దగ్గరా నిలవలేక, పిండి దగ్గరా నిలవలేక ఆమెని ఊపిరాడనివ్వలేదట. తెల్లారి ఆయన పళ్లెం పట్టుకుని బడికొచ్చాడు. షూషాన్‌కి ఏడు మెట్ల నిచ్చెన. అది వాడి మోకాళ్ల దాకా వచ్చింది. తరువాత నన్ను పిలిచాడు. నేను పక్షి కోసం చెయ్యి చాపాను.

మెడలో వేసింది మూడు మెట్ల నిచ్చెన.

“ఇదేమిటి రిబ్బీ?”

“మూడు రాత్రులు చెప్పావు కదా. అవి ఎవరూ తీసుకుపోలేదు.”

తన కోటు బొత్తాలు విప్పాడు. ఆయన మెడలో రెండు మూరల పొడుగు నిచ్చెన, పదహారు మెట్లు, పొయ్యిలో పట్టక ఒక చివర మాడిపోయింది. అది వేసుకుని ఆయన ఆ రోజు పేట వీధులన్నీ తిరిగాడు, అడిగినవాడికల్లా మెట్లు లెక్కపెట్టి చూపిస్తూ. బీషీ గుమ్మంలో నిలబడి, “నాకేదీ?” అంటే, ఐదు మెట్ల నిచ్చెన వాడి మెడలో వేసి, “నిరుటివి మాత్రం అడగకు” అన్నాడు.

తరువాత ఆయన ఇరవై మూడేళ్లు బడి నడిపాడు. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి ఎంతదాకా తెచ్చాడో ఎవరికీ చెప్పలేదు. “ఎన్నేళ్లయింది రిబ్బీ?” అని అడిగితే, “నిరుటి దాకా నిండే ఉంది” అని మేడ మెట్లెక్కేవాడు. చివరి ఏడాది కాళ్లు పట్టేస్తే, కుర్చీలో కూర్చోబెట్టి పిల్లలే ఆయన చుట్టూ తిరుగుతూ పాఠం చెప్పారు. షూషాన్ ఇప్పుడు ఆ బడికి రిబ్బి. గొంతు దోమదే. పిల్లలు ఊపిరి ఆపి వింటారు.

చివరి బెంచీ ఇంకా అక్కడే ఉంది. ఆ ఏడాది తరువాత నేను ఒక్క రాత్రి కూడా తప్పలేదని రాయాలని చెయ్యి దురద పెడుతోంది. నిరుడు పదకొండో రోజు, బ్రీక్ పెనం దగ్గర జనం ఎక్కువై, తెగింది. వెళ్లి నిలబడ్డాను. పక్కన ముగ్గురున్నారు. జరిగి చోటిచ్చారు.